నిండు పియాలా

ఖమ్మం జిల్లాలో ఒక మిర్చి రైతు ఉండేవాడు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అన్నీ ఒకే కొట్లో అరువు తెచ్చేవాడు. కోతలయ్యాక ఆ కొట్టు యజమాని చెప్పిన ధరకే, అతను పెట్టిన కాటా మీదే మిర్చి తూచి ఇచ్చేవాడు. పంట పండిన ఏడూ బాకీ మిగిలేది, ఎండిన ఏడూ మిగిలేది. చివరికి విసిగిపోయి కొంత పొలం అమ్మి బాకీ మొత్తం కట్టేశాడు. ఇంకొంత అమ్మి కొడుకుని డాక్టరు చదువుకి కిర్గిజ్‌స్తాన్ పంపాడు. శంషాబాద్‌లో విమానం ఎక్కించేటప్పుడు కొడుక్కి ఒకటే మాట చెప్పాడు. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోవద్దన్నాడు, తీసుకోక తప్పకపోతే ఆ పూటే తీర్చెయ్యమన్నాడు, తెల్లారితే దానికి వడ్డీ మొదలవుతుందన్నాడు.

కొడుకు తండ్రి మాట జవదాటేవాడు కాదు. బిష్కెక్ చేరగానే చిన్న నోటుపుస్తకం ఒకటి కొన్నాడు. ఎడమ పేజీలో తీసుకున్నది, కుడి పేజీలో తిరిగి ఇచ్చింది రాసేవాడు. హాస్టల్లో పక్క గది కుర్రాడు ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ కొంచెం వడ్డిస్తే, సాయంత్రంలోగా అతనికి టీ ఇప్పించి లెక్క సరిచేసేవాడు. రాత్రి పడుకునేముందు రెండు పేజీలూ సమానంగా ఉంటే హాయిగా నిద్రపట్టేది. అలాగని స్నేహితులు లేరనుకోవద్దు, ఉన్నారు. కాకపోతే ఎవరూ రెండోసారి ఆవకాయ పెట్టలేదు.

మూడో ఏడాది వేసవి సెలవుల్లో అతనికి ఓష్ చూడాలనిపించింది. బిష్కెక్ ఉత్తరాన ఉంటుంది, ఓష్ దక్షిణాన. రెంటి మధ్యా తియాన్ షాన్ కొండలు. ఆ దేశంలో పదింట తొమ్మిది వంతులు కొండలే. రెండు నగరాలనీ కలిపే రోడ్డు మెలికలు తిరుగుతూ 600 కిలోమీటర్లకు పైగా సాగుతుంది, 3,000 మీటర్ల ఎత్తు మించిన కనుమలు రెండు దాటుతుంది. మనిషికింత అని తీసుకుని పొద్దున బయల్దేరి చీకటి పడేసరికి చేర్చే కార్లు ఉన్నాయి. మన కుర్రాడు వాటిలో వెళ్ళలేదు. దారిన పోయే బండ్లని ఆపుకుంటూ, ఎవరి బాకీ వాళ్ళకి అక్కడికక్కడే తీర్చుకుంటూ వెళ్తే దేశమూ చూసినట్టుంటుంది, లెక్కా తెగిపోతుందనుకున్నాడు.

అక్కడ బండి ఆపడానికి బొటనవేలు చూపించరు. చెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి మెల్లగా ఊపుతారు. ఆగిన బండి ఎక్కినవాళ్ళు పెట్రోలు ఖర్చుకని ఎంతో కొంత ఇవ్వడం మామూలే. మొదట ఆగిన పాత కారు అతన్ని కారా బాల్తా దాకా తీసుకెళ్ళింది. కారాయన ఇంత అని అడిగాడు, కుర్రాడు అంతా ఇచ్చాడు, ఇద్దరూ సంతోషంగా విడిపోయారు. పుస్తకంలో మొదటి పద్దు చక్కగా కుదిరింది.

కారా బాల్తా దగ్గర రోడ్డు దక్షిణానికి తిరిగి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. అక్కడ ఒక సిమెంటు లారీ ఆగింది. డ్రైవరు పెద్దవాడు, మాటలు తక్కువ. కుర్రాడికి ఆసుపత్రిలో రోగులతో మాట్లాడటానికి నేర్చుకున్న రష్యన్ వచ్చు, అది ఇద్దరికీ సరిపోయింది. లారీ మొదటి గేరులో మూలుగుతూ త్యో అషూ కనుమ ఎక్కింది. మధ్యలో డ్రైవరు బండి పక్కకి తీసి, సంచిలోంచి గుండ్రటి రొట్టె తీసి తుంచి, పెద్ద ముక్క కుర్రాడికిచ్చి చిన్న ముక్క తను ఉంచుకున్నాడు. కనుమ పైభాగంలో కొండని తొలిచిన సొరంగం రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, సోవియట్ కాలంలో తవ్వింది. పొగ, చీకటి, తడి. అది దాటి అవతలికి వచ్చేసరికి ఒక్కసారిగా ఎండ, కింద పచ్చగా సూసమీర్ లోయ. ఆ దేశపు రచయిత చింగీజ్ ఐత్మాతొవ్ రాసిన ‘జమీల్యా’ తెలుగులో చదువుకున్న పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. అలాంటివాళ్ళెవరైనా ఆ క్యాబిన్‌లో కూర్చుని ఉంటే లోయని చూస్తూ కాస్సేపు పలికేవాళ్ళు కాదు. మన కుర్రాడు మాత్రం కనుమ దాటించినందుకు ఎంత ఇవ్వాలో, రొట్టె ముక్కకి ఎంత కలపాలో లెక్క వేసుకుంటున్నాడు.

లోయలో తలాస్ వైపు చీలే దారి దగ్గర లారీ ఆగింది, ఎందుకంటే అది తలాస్ వెళ్ళాలి. కుర్రాడు డబ్బు తీశాడు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఇవ్వబోతే చేత్తో తోసేశాడు. కుర్రాడు దిగుతూ దిగుతూ అతను చూడకుండా 500 సోమ్‌ల నోటు ఒకటి సీటు మీద పెట్టి తలుపు వేశాడు. ఆ నోటు మూల చిరిగి ఉంటే అంతకుముందు రోజే తను టేపు అంటించాడు. లారీ కొంతదూరం పోయి ఆగింది. డ్రైవరు దిగి, రోడ్డు అంచున ఒక రాయి ఎత్తి, దాని కింద ఏదో పెట్టి, వెనక్కి చూడకుండా ఎక్కి వెళ్ళిపోయాడు. కుర్రాడు నడిచి వెళ్ళి రాయి ఎత్తాడు. టేపు అంటించిన నోటు దాని కింద ఉంది. అతనికి కోపమొచ్చింది. ఎడమ పేజీలో కనుమ అని రాసి, కుడి పేజీ ఖాళీగా వదలాల్సి వచ్చింది.

సాయంత్రానికి మబ్బు పట్టింది. లోయలో జులైలో కూడా వడగళ్ళు పడతాయి. రోడ్డు పక్కన గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్‌నీ, ఉప్పటి ఎండు పెరుగుండలు కురుత్‌నీ అమ్మే గుడారాలు చాలా ఉంటాయి. అవి దుకాణాలు, అక్కడ తాగి డబ్బివ్వడంలో తిరకాసు ఏమీ లేదు. కానీ వాన అతన్ని అలాంటివి లేని చోట పట్టుకుంది. రోడ్డుకి దూరంగా పచ్చికలో ఒంటరిగా ఒక ఉన్ని గుడారం, పక్కన కట్టేసిన గుర్రాలు కనిపించాయి. పరిగెత్తాడు. తలుపు దగ్గరున్న ముసలామె ఎవరని గానీ, ఎక్కడినుంచని గానీ అడగలేదు. లోపలికి లాగి, తలుపుకి ఎదురుగా ఉండే గొప్ప చోటులో కూర్చోబెట్టింది. చెప్పకుండా వచ్చినవాణ్ణి దేవుడు పంపిన అతిథి అంటారు ఆ దేశంలో. కాబట్టి ఆ ఇంటి మగవాళ్ళు కూడా తడిసి వచ్చి, అతనికి కింది వరసలో కూర్చున్నారు.

బట్ట పరిచారు. రొట్టెలు, మీగడ, బూర్సోకులనే నూనెలో వేయించిన పిండి ముక్కలు వచ్చాయి. ముసలామె కోడలు నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూర్చుని టీ పోయడం మొదలుపెట్టింది. చెవిలేని చిన్న గిన్నె అది, పియాలా అంటారు. అందులో టీ సగానికి కూడా రాలేదు. కుర్రాడు రెండు గుక్కల్లో తాగేశాడు. ఆమె చెయ్యి చాచి పియాలా తీసుకుని మళ్ళీ అంతే పోసింది. మళ్ళీ తాగాడు, మళ్ళీ సగమే. గుర్రాలున్నాయి, గొర్రెలున్నాయి, మీగడ గిన్నెడు పెట్టారు, టీ దగ్గర మాత్రం ఇంత పిసినారితనమేమిటా అనుకున్నాడు. తన నుంచి ఇంకా డబ్బు రాలేదు కాబట్టి ఇలా కొలిచి పోస్తున్నారని నిర్ణయించుకున్నాడు. రాత్రి దట్టమైన బొంతలు కప్పారు. గుడారం కప్పు మధ్యనున్న గుండ్రటి చట్రం, ఆ దేశపు జెండా మీద సూర్యుడిలో కనిపించేదే, దాన్ని ఉన్నితో మూసేశారు. బయట వడగళ్ళ చప్పుడు వింటూ అతను టీని, రొట్టెని, బొంతని వేరువేరుగా ధర కట్టాడు.

తెల్లారాక మొత్తం కూడి, రొట్టెల పళ్ళెం పక్కన డబ్బు పెట్టాడు. టేపు నోటు కూడా అందులోనే పోయింది, దాన్ని వదిలించుకోవాలని అతనికి తొందరగా ఉంది. గుడారంలో ఎవరూ మాట్లాడలేదు. ముసలామె డబ్బు వైపు చూసింది, అతని వైపు చూసింది. కోడల్ని జరగమని, తనే సమోవార్ దగ్గర కూర్చుంది. పియాలా తీసుకుని అంచు దాకా పోసి అతని ముందు పెట్టింది. పట్టుకుంటే చెయ్యి కాలేటంత నిండుగా ఉంది. కుర్రాడు తన ఊహ నిజమైందనుకున్నాడు. ఊదుకుంటూ ఊదుకుంటూ చివరిదాకా తాగి, లేచి నమస్కారం పెట్టాడు. వాళ్ళు తలుపు దాకా వచ్చారు. ఉండమని ఎవరూ అనలేదు. ఆ ఉదయం పుస్తకంలో రెండు పేజీలూ సమానమయ్యాయి, కనుమ ఒక్కటి తప్ప.

రోడ్డు మీదికి రాగానే ఒక చిన్న కారు ఆగింది. అందులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బడిపంతుళ్ళు, తొక్తొగుల్ ఊరు వెళుతున్నారు. కారు అలా బేల్ కనుమ ఎక్కి దిగి, చిచ్కాన్ లోయలో ఏటి పక్కన పరిగెత్తింది. దారిలో తేనె అమ్మేవాళ్ళ దగ్గర ఆగి ఒక సీసా కొన్నారు, అతనికి రొట్టె మీద వేసి ఇచ్చారు. కుర్రాడు హుషారుగా ఉన్నాడు. ఈ దేశం తనకి బాగా అర్థమైందని వాళ్ళకి రాత్రి సంగతి చెప్పాడు. డబ్బు కనిపించేదాకా సగం సగం పోశారని, కనిపించాక నిండా పోశారని చెప్పి నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి ఆగింది. చాలాసేపు కారులో ఇంజను చప్పుడే వినిపించింది. తరవాత ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నిదానంగా వివరించాడు. టీ కొంచెం పోస్తే అతిథి ఇంకాసేపు కూర్చోవాలని. పియాలా కొంచెమే నింపితే అది మాటిమాటికీ పోసిన చేతికి తిరిగి రావాలి, వేడిగా మళ్ళీ పోయాలి, ఆ రాకపోకల్లో కబుర్లు సాగాలి. అంచు దాకా నింపి పెట్టారంటే, ఇది తాగి ఇక బయల్దేరవచ్చని.

కుర్రాడు మొదట నమ్మలేదు. ఇద్దరూ కలిసి ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాడు. తరవాత అతనికి తన ఇంటి పెరటి గోడ గుర్తొచ్చింది. గోడ అవతలి పిన్ని గిన్నెలో కూర పంపేది. అమ్మ ఆ గిన్నెని ఎన్నడూ ఖాళీగా తిరిగి పంపలేదు, అలాగని ఎన్నడూ అదే రోజు పంపలేదు కూడా. ఒకసారి చిన్నప్పుడు తను గిన్నె కడిగి నాలుగు జామకాయలు వేసి వెంటనే ఇచ్చి వస్తానంటే, అమ్మ కసిరి గిన్నెని అలమారలో పెట్టింది. రెండిళ్ళ గిన్నెల్లో ఎప్పుడూ ఒకటి అవతలే ఉండేది. నాన్న ఆ కొట్టులో నలిగిన ఏళ్ళన్నీ అమ్మ ఆ గోడ మీదుగా అప్పులు చేస్తూనే ఉంది. వాటికి మాత్రం వడ్డీ పుట్టలేదు.

కారు తొక్తొగుల్ జలాశయం ఒడ్డుకి వచ్చింది. నారీన్ నదికి అడ్డంగా 215 మీటర్ల ఎత్తున కట్టిన ఆనకట్ట వెనక కొండల మధ్య నీలంగా పరుచుకున్న నీళ్ళు అవి. దేశానికి వచ్చే కరెంటులో పెద్ద వంతు అక్కడినుంచే. పంతులుగారు చూడమని కారు ఆపాడు. కుర్రాడు దిగి, నీళ్ళ వైపు చూడకుండా రోడ్డు దాటి అవతలి పక్క నిలబడి, బిష్కెక్ వైపు వెళ్ళే బండ్లకి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె వచ్చి మిగిలిన రొట్టె అతని సంచిలో పెట్టి వెళ్ళింది. అతను డబ్బు తీయలేదు. తీయకుండా ఉండటానికి చెయ్యి జేబులోంచి బయటికి లాగాల్సి వచ్చింది.

గుర్రాల్ని తీసుకెళ్ళే ఒక లారీలో వెనక్కి వచ్చాడు. పొద్దు వాలేసరికి గుడారం చేరాడు. ఏం చెప్పాలో అతనికి తెలియదు, ఆ మాటలు రష్యన్‌లో నేర్చుకోలేదు. రోగం ఎక్కడుందో అడగడం వచ్చుగానీ, ఇలాంటిది చెప్పడం రాదు. సిగ్గుతో తలుపు పక్కనే కూర్చోబోయాడు. ముసలామె ఎదురుగా ఉన్న చోటు చూపించింది. వెళ్ళి అక్కడ కూర్చున్నాడు. కోడలు టీ పోసింది, పియాలాలో సగానికి రాలేదు. తాగి ఇచ్చాడు, మళ్ళీ పోసింది. ఆ రాత్రి గుర్రాల గురించి, వానల గురించి, మిర్చి అంటే ఏమిటి, అది ఎకరానికి ఎంత పండుతుంది అనే దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. భోజనమయ్యాక అందరూ రెండు అరచేతులూ ముఖం మీదుగా కిందికి దించుకుంటే, అతనూ అలాగే చేశాడు. డబ్బు ఊసు ఎవరూ ఎత్తలేదు.

పొద్దున బయల్దేరుతుంటే ముసలామె ఒక సంచి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. లోపల కురుత్, రొట్టెలు, ఉన్ని సాక్సులు. చిన్న కూతురు ఓష్‌లో చదువుకుంటోందట, ఆమెకి అందివ్వాలట. ఆ దేశంలో ఇది రోజూ జరిగేదే, దారినపోయే డ్రైవర్ల చేతికి ఇలాంటి సంచులు ఎక్కిస్తూనే ఉంటారు. అయినా నిన్న పొమ్మన్న మనిషి చేతిలో ఈ రోజు ఇంటి సంచి పెట్టారు. సంచి బరువుగానే ఉంది. కుర్రాడు దాన్ని ఒళ్ళో పెట్టుకునే కారా కోల్, తాష్ కోమూర్, జలాలాబాద్, ఉజ్గెన్ మీదుగా, బండి తరవాత బండి మారుతూ ఓష్ చేరాడు. దారిలో డబ్బు అడిగినవాళ్ళకి ఇచ్చాడు. అడగనివాళ్ళని తమ ఊరి సంగతులు చెప్పమన్నాడు.

ఓష్ బజారు దగ్గర ఆ అమ్మాయి ఎదురొచ్చింది. సంచి అక్కడే విప్పింది. సాక్సుల్లో ఒక దాని లోపల గుడ్డముడి ఉంది. విప్పితే డబ్బు. అమ్మ ఖర్చులకి పంపిందని ఆమె ముఖం విప్పారింది. పైనున్న నోటుకి మూల టేపు అంటించి ఉంది. కుర్రాడు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. లారీ డ్రైవరు రాయి కింద పెట్టిన నోటు, గుడారంలో తను వదిలించుకున్న నోటు, ఇన్ని కొండలు దాటించి తనే మోసుకొచ్చాడు. అమ్మాయి అతన్ని వదల్లేదు. ఇంత దూరం సంచి తెచ్చినవాణ్ణి ఆకలితో పంపితే అమ్మ చంపుతుందని, పలావుకి పేరుపడ్డ చోటికి లాక్కెళ్ళింది. ఉజ్గెన్‌లో పండే ఎర్రబియ్యంతో, గొర్రె మాంసం, క్యారెట్ వేసి వండింది అది. తిన్నాక ఆమె ఆ టేపు నోటే తీసి ఇచ్చింది. హోటలాయన దాన్ని వెలుగులో పట్టి చూసి గల్లాలో వేసుకున్నాడు.

రాత్రి కుర్రాడు పుస్తకం తెరిచి కూర్చున్నాడు. పలావు తిన్నది తను, డబ్బు తనది, పెట్టింది ఆ అమ్మాయి, పంపింది వాళ్ళమ్మ. ఎడమ పేజీలో రాయాలా, కుడి పేజీలో రాయాలా అని చాలాసేపు చూశాడు, తేలలేదు. ఇంతలో ఆ అమ్మాయి కబురు పెట్టింది. బిష్కెక్ తిరిగి వెళ్ళేటప్పుడు తల్లికి ఇవ్వాల్సిన మందులు తన దగ్గరున్నాయట, పట్టుకెళ్ళమంది. పట్టుకెళతానన్నాడు.

నీతి: కొట్లో తెచ్చిన అరువు గడువులోగా తీర్చాల్సిందే, ఆ రైతు కొడుక్కి చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ అడగకుండా పెట్టినవాళ్ళ ముందు అప్పటికప్పుడు డబ్బు పెడితే, మీతో నా పని అయిపోయిందని వాళ్ళకి మనమే చెప్పినట్టవుతుంది. అలాంటి బాకీని కొన్నాళ్ళు మోయాలి, ఈలోగా వాళ్ళు కూడా మనకి ఒక పని చెప్పగలిగేటంత చనువు ఏర్పడనివ్వాలి.